వాపసుకు కారణం

నెల రోజులుగా నాకు కుదురు లేదు. అసలే కుదురు తక్కువ మనిషినని ఇంట్లో చిన్నప్పటి నుంచీ పేరు. కూర్చున్న చోట కూర్చోను, చేతిలో పని ముగియకుండా రెండో పని ఎత్తుకుంటాను, కాలుగాలిన పిల్లిలా గదుల్లో తిరుగుతాను. ఈ నెల మాత్రం అది వేరే రకం. పొద్దున్నే రాయపూర్ శివార్లలో ఉన్న బీర్‌గావ్‌లో మా మేడ మీద ఆరేసిన బట్టల మీంచి ఫ్యాక్టరీల నల్లధూళి దులుపుతూ మధ్యలో కిందికి దిగి వస్తాను, అల్మారా తీసి ఒక కాగితం చూసి, మళ్ళీ పెట్టేసి పైకి వెళ్తాను. ఆ కాగితం తెచ్చినవాడు మా చిన్నాన్న సింహాచలం. నాకు పదకొండేళ్ళప్పుడు రాయపూర్‌లో మా ఇంటి గడప దిగిపోయినవాడు, నాకు తల నెరిశాక, నాన్న పోయిన ఎనిమిదేళ్ళకు, ఒక గుడ్డసంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నయ్య ఉన్నన్నాళ్ళూ రావొద్దన్నాడు. ఇప్పుడు లేడు గదా, అందుకే వచ్చినాను వదినా" అన్నాడు అమ్మతో, లోపలికి రాకుండానే. అమ్మకు ఇప్పుడు సగం మాటలు వినపడవు గానీ ఈ మాట వినపడింది. "కోపంలో ఏదో అన్నాడని ఇన్నేళ్ళు ఎక్కడ పోనావురా నువ్వు?" అని మంచం మీంచి లేవబోయి, లేవలేక, అక్కడే కూర్చుని ఏడ్చింది. చిన్నాన్న వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర చతికిలపడ్డాడు. "కోపంలో అన్నది కాదు వదినా. పన్నెండేళ్ళు పోయినాక రాసినాడు కూడా" అని చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి నేల మీద పరిచాడు. "అన్నయ్య నాకు రాసిన ఉత్తరం. ఇదొక్కటే."

నేను నిలబడే వంగి చూశాను. కంప్యూటర్ నుంచి అచ్చు తీసిన కాగితం. మడతల దగ్గర అక్షరాలు అరిగిపోయాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు: 'మీ ఉత్తరం వాపసు. కారణం: మాకు అక్కర్లేదు. మళ్ళీ రాయకండి.' దాని కింద నాన్న పేరు, కార్యదర్శి అన్న హోదా. పూర్తిగా చదవనక్కర్లేకపోయింది నాకు. అది నాన్న రాసింది కాదు. నేను రాసింది. చిన్నాన్నకూ రాయలేదు. లాటరీ తగిలిందని, బట్టతల మీద జుట్టు మొలిపిస్తామని రోజూ వచ్చి పడే చెత్తకు, ఒక సాయంత్రం ఒళ్ళు మండి రాశాను. టీ పెడతానని చెప్పి వంటింట్లోకి పారిపోయాను. గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి, నేను ఆకు వెయ్యడం మర్చిపోయి నిలబడ్డాను. చెప్పకపోతే చచ్చిపోయిన మా నాన్న తమ్ముణ్ణి రెండుసార్లు వెళ్ళగొట్టినవాడిగా మిగిలిపోతాడు. చెబితే ఈ ముసలాయన ముఖం నేను చూడాలి.

నాన్న టపా సార్టింగ్ ఆఫీసులో సార్టరు. రాయపూర్ స్టేషన్ పక్కన, రైలు వచ్చినప్పుడల్లా కిటికీ అద్దాలు గజగజలాడే పొడుగాటి గది అది. గోడ నిండా చెక్క గూళ్ళు, ఒక్కో గూడు ఒక్కో ఊరు. నాన్న ఇంటికి వచ్చేటప్పుడు లక్క కాలిన వాసన, జిగురు వాసన, గోనెసంచుల వాసన వెంటబెట్టుకుని వచ్చేవాడు. అదే వేళకు అమ్మ పెరట్లో సిగడీలో బొగ్గులు రాజేస్తుండేది. ఆ పొగా ఈ వాసనలూ కలిశాక అన్నం పెట్టేది కాబట్టి, ఇప్పటికీ ఎక్కడైనా లక్క కాలిన వాసన తగిలితే నాకు ఆకలి వేస్తుంది. ఇంటికొచ్చినా నాన్న కుడిచెయ్యి ఊరుకునేది కాదు. అమ్మ బజారు నుంచి తెచ్చిన చిక్కుడుకాయల్ని చాప మీద పోసుకుని మూడు కుప్పలు చేసేవాడు. లేతవి, ముదురువి, మూడోది 'అడ్రసు లేనివి'. అంటే పుచ్చువి. వాటిని కూడా పారెయ్యనిచ్చేవాడు కాదు, విప్పి గింజ బాగుంటే తీసేవాడు. ఆ తీరిక చూస్తే నాకు అరికాళ్ళు దురద పుట్టేవి.

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైసుమిల్లుల్లో పనికి వచ్చినవాళ్ళు అప్పట్లో రాయపూర్ చుట్టూ బోలెడు మంది. వాళ్ళకు ఊళ్ళ నుంచి వచ్చే కార్డుల మీద చిరునామా ఒక్కోసారి తెలుగులోనే ఉండేది. 'రాయపూరు, మిల్లులో పనిచేసే అప్పన్నకు' అని, అంతే. తోటి సార్టర్లు అలాంటివి "రావ్‌జీ, ఆప్‌కా మాల్", మీ సరుకే ఇది, అని నవ్వుతూ నాన్న ముందుకు తోసేవారు. నాన్న డ్యూటీ దిగాక సైకిలెక్కి మిల్లులన్నీ తిరిగి ఆ అప్పన్న ఎవరో వెతికేవాడు. దొరక్కపోతే మర్నాడు కార్డు మీద వాపసుకు కారణం రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, వచ్చిన దారినే పంపేవాడు. "చింపి పారీడానికి మనమెవలమే గుంటా?" అనేవాడు నాతో. మా వైపు ఆడపిల్లనైనా మగపిల్లాణ్ణయినా ముద్దుగా గుంటా అనే పిలుస్తారు. "అందితే అందినట్టు. అందకపోతే ఎందుకందలేదో రాసి తిప్పి పంపీవాల. మద్దెలో మాయం చేస్తే రాసినోడు సచ్చిందాకా గుమ్మం కేసి చూస్తాడు."

ముక్కూ మొహం తెలియని అప్పన్న కోసం ఎండలో సైకిలు తొక్కిన ఆ మనిషే సొంత తమ్ముణ్ణి వాకిట్లోంచే పంపేశాడు. చిన్నాన్న మాతోనే ఉండేవాడు, ఒక రైసుమిల్లులో ఫిట్టరు. ఒక మధ్యాహ్నం ధర్సీవా నుంచి ఒక ఛత్తీస్‌గఢీ అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చాడు. గుళ్ళో పెళ్ళయిపోయిందన్నాడు. ఆ అమ్మాయి ఒక రేకుపెట్టె పట్టుకుని, చీరకొంగు తల మీంచి జారకుండా పళ్ళతో కరిచిపట్టి నిలబడింది. నాన్న గట్టిగా అరవలేదు. "ఈ గడప తొక్కొద్దు. ఉత్తరం ముక్క రాయొద్దు" అన్నాడు, ఇరుగుపొరుగు అందరూ వింటుండగా. అప్పుడు చిన్నాన్న నా సైకిలు గొలుసు విప్పి బాగుచేస్తానని మాటిచ్చి ఉన్నాడు. ఆ గొలుసు చాలాకాలం అలాగే వేలాడింది, నాన్నే దాన్ని బాగుచెయ్యనివ్వలేదు.

తర్వాత రాష్ట్రం కొత్తగా ఏర్పడింది, రాయపూర్ రాజధాని అయింది, ఆఫీసులు పెరిగాయి, తెలుగువాళ్ళు పెరిగారు. తెలుగు సంఘం ఒకటి వెలిసింది. రిటైరైన నాన్నను కార్యదర్శిని చేశారు, చేతిరాత బాగుంటుందని. నేను కంప్యూటర్ కోర్సు ముగించి, వెబ్‌సైట్లు పెట్టిచ్చే ఒక చిన్న సంస్థలో చేరాను. సంఘం పిలుపులు ఇంటింటికీ తిరిగి చెప్పడం చూడలేక, మా సంస్థ సర్వర్ మీద ఒక మెయిలింగ్ లిస్టు పెట్టాను. ఒక్క చిరునామాకు రాస్తే సభ్యులందరికీ వెళ్తుంది. నాన్నకు ఒక్కసారి చెబితే చాలింది. "అంటే ఒక గూట్లో పడీసిన చిట్ఠీ అన్ని గూళ్ళకీ ఎల్లిపోద్దన్నమాట" అన్నాడు, కళ్ళు మెరుస్తుండగా. లిస్టుకు మూడు చిరునామాలుండేవి. అందరికీ రాసేది ఒకటి, కొత్తగా చేరేవాళ్ళది ఒకటి, కార్యదర్శికి రాసేది ఒకటి. మూడూ సంఘం కరపత్రం మీద, సైటు మీద వేయించాం. బెల్లం ముక్క గడప మీద పెట్టినట్టే అయింది. నెల తిరక్కుండా లోకంలోని స్పామంతా చీమలబారులా వచ్చింది.

చేరే చిరునామాది మరీ తమాషా. అక్కడికి ఎవరేం రాసినా సర్వరే జవాబిస్తుంది. లాటరీ వాడు 'నీకు కోట్లు తగిలాయి' అని రాస్తే, మా సర్వర్ 'మీ అభ్యర్థన అర్థం కాలేదు, దయచేసి ఇలా రాయండి' అని వినయంగా నాలుగు సూచనలు పంపేది. నేను తల కొట్టుకుంటుంటే నాన్న మురిసిపోయాడు. "మర్యాద తెలిసిన మిషనే" అన్నాడు. మిగతా రెండు చిరునామాలకు సభ్యులు కానివాళ్ళు రాసినవి మాత్రం నా దగ్గర ఆగేవి. ఒక్కోదానికి మూడు దారులు. అందరికీ పంపించు, కారణం చెప్పి వాపసు చెయ్యి, చప్పుడు చెయ్యకుండా పారెయ్యి. చెత్తకు మూడోదే సరైనదని మా సంస్థలో అందరికీ తెలుసు. నాన్న ఒప్పుకోలేదు. ఉత్తరమన్నాక కారణం రాయకుండా పారెయ్యడం ఆయన ఎరగడు. వాపసు జవాబు ఆయనే చెప్పి రాయించాడు: 'మీ ఉత్తరం మా సభ్యులకు సంబంధించినది కాదని తోచి వాపసు చేస్తున్నాము. మా పొరపాటైతే దయచేసి మళ్ళీ రాయండి.' కింద ఆయన పేరు. "గల్తీ మనదైతే మళ్ళీ రాయమని ఉండాల. అది లేకపోతే అది వాపసు కాదు, తిట్టు" అన్నాడు.

అలా మొదలైంది మా పొద్దుటి పూట. ఆఫీసు వాళ్ళిచ్చిన కంప్యూటర్ మా ముందుగదిలో ఉండేది. ఆరింటికి నేను ఇంటర్నెట్ కలిపితే మోడెమ్ కీచుకీచుమని అరిచేది, అమ్మ వంటింట్లోంచి "నక్కలు లేచినాయి" అనేది. నాన్న స్నానం చేసి, తడి తల తుడుచుకుంటూ, ఒక పొడుగు పుస్తకం తెచ్చుకుని స్టూలు మీద కూర్చునేవాడు. పేజీకి నాలుగు గళ్ళు గీసి ఉంచేవాడు. తారీఖు, ఎవరు, ఏమిటి, వాపసుకు కారణం. నేను చదవాలి, ఆయన రాయాలి. "ఎవలు?" "జాన్సన్." "ఏటంట?" "పొట్ట తగ్గే మందు." ఆయన తన గుండ్రటి అక్షరాలతో 'జాన్సన్, పొట్ట మందు, సంబంధం లేదు' అని రాసి, పొట్టి సంతకం పెట్టేవాడు. రెండో రోజు జాన్సన్ మళ్ళీ రాసేవాడు, మూడో రోజూ రాసేవాడు. "పాపం ఈడు రోజూ రాస్తన్నాడే. ఎవలూ జవాబిచ్చినట్టు లేదు" అని నాన్న నిజంగానే జాలిపడ్డాడు. నేను కుర్చీలో అటూ ఇటూ మెసిలేదాన్ని. బస్సు తప్పిపోతుంది, జడ వేసుకోలేదు, ఫోను లైను అంతసేపూ పనికిరాదు. "నాన్నా, వీళ్ళు మనుషులు కారు, మిషన్లు పంపుతున్నాయి" అంటే ఆయన కలం ఆపేవాడు కాదు. "మిషనుకి పేరుండదే. పేరుందంటే మనిషే. తరవాతది చదువు."

ఆయనకు ఉత్తరాల పిచ్చి అనుకున్నాను. రిటైరైనా చెయ్యి ఊరుకోవడం లేదనుకున్నాను. ఆయన చూపు ఏ గడి మీద ఉండేదో నేను గమనించలేదు. ప్రతి పేరూ నేను పూర్తిగా పలికేదాకా కలం కాగితానికి తాకకుండా గాల్లో ఆగేది. విన్నాకే దిగేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఆగడం నా కళ్ళముందే ఉంది. అప్పుడు మాత్రం 'ఎంత నెమ్మదో ఈ మనిషి' అని పళ్ళు నూరుకున్నాను.

చెత్త పదుల నుంచి వందలకు పెరిగింది. నేను మోసం మొదలుపెట్టాను. ఒక ఇరవై చదివి, ఇంతే నాన్నా ఇవాళ్టికి అని, ఆయన పుస్తకం మూసి లేచాక మిగతావన్నీ ఒక్కసారే గుర్తుపెట్టి వాపసు కొట్టేదాన్ని. ఆయన లెక్క ఆయనది, నా బస్సు నాది. ఒక పొద్దున్న బస్సు నిజంగానే తప్పింది, ఆఫీసులో మాట పడ్డాను. సాయంత్రం ఇంటికొచ్చి అదే మంట మీద సర్వర్‌లో నాన్న జవాబు తెరిచి, మొత్తం చెరిపేసి, నా మాట పెట్టాను. మాకు అక్కర్లేదు, మళ్ళీ రాయకండి. చాలా హాయి అనిపించింది. కింద సంతకం సర్వర్‌లో వేరే చోట ఉండేది. దాని సంగతి నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చినా మార్చేదాన్ని కాదేమో, నా తీరు అలాంటిది అప్పుడు. ఆ మర్నాడు కూడా నాన్న స్టూలు మీద కూర్చుని నాలుగో గడిలో పొందికగా కారణాలు రాశాడు. వాటిలో ఒక్కటీ ఎవరికీ చేరడం లేదని ఆయనకు తెలియదు.

కొన్నాళ్ళకు ధమ్తరీ నుంచి ఒక మాస్టారి ఉత్తరం వచ్చింది. 'నేను మీకు ఎన్నడూ ఏమీ రాయలేదు. రాయవద్దని నన్నెందుకు కసురుకుంటున్నారు? నా తప్పేమిటి?' అని హిందీలో, మా తెలుగు ఎవరిచేతో చదివించుకుని, బాధపడుతూ. మా సంస్థ యజమాని మిశ్రాజీకి చూపించి నవ్వాను. ఆయన నవ్వలేదు. "స్పామ్ కో జవాబ్ నహీఁ దేతే, బేటీ", స్పాముకు జవాబివ్వకూడదమ్మా, అన్నాడు. చెత్త పంపేవాళ్ళు దొంగ చిరునామాల మీంచి పంపుతారు, ఆ చిరునామా నిజంగా ఎవరిదో వాళ్ళకే నీ జవాబు వెళ్ళి తగులుతుంది, నువ్వు తిట్టేది దొంగను కాదు, దారిన పోయేవాణ్ణి అని విడమరిచి చెప్పాడు. ఇదంతా నాకు తెలియనిది కాదు. చేస్తాను, మారుస్తాను అన్నాను. ఒకటి రెండు నెలలు అలాగే నడిపాను. చివరికి ఆయనే ఒకరోజు సర్వర్‌లో జవాబులన్నీ ఆపించి, చెత్త చప్పుడు లేకుండా పోయేలా చేశాడు. నాన్నకు చెప్పలేదు. రోజూ ఇరవై పేర్లు చదువుతూనే ఉన్నాను, ఆయన రాస్తూనే ఉన్నాడు. పుస్తకం నిండింది. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, ఫోన్లలో గ్రూపులొచ్చాయి, లిస్టుకు రాసేవాళ్ళు లేకపోయారు. ఆ తర్వాత నాన్నా లేకపోయాడు.

పెద్దకర్మ అయిన రోజు, బంధువులంతా వెళ్ళాక, ఆ పుస్తకం పాత పేపర్లలో పడేయబోతుంటే అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆ చెత్త పేర్లన్నీ ఎందుకు రాసీవోడనుకున్నావే? సింహాచలం పేరు పడతాదేమోనని." నాకు చెప్పొచ్చు కదా, ఆ ఒక్క పేరూ కంప్యూటర్లో క్షణంలో వెతికేదాన్ని కదా అన్నాను. "ఎలాగ సెప్తాడు? ఉత్తరం ముక్క రాయొద్దన్నది తనే గదా. ఇప్పుడు ఆడు రాసినాడా అని కూతుర్ని ఎలాగ అడుగుతాడు?" అంది అమ్మ. ఇంటికి రాయొద్దన్నాడు గానీ సంఘానికి రాయొద్దనలేదు గదా అనుకుని నాన్న, తన నోటి మాట తను దాటకుండా ఆ గుమ్మం దగ్గర కూర్చున్నాడు. ఎనిమిదేళ్ళుగా నేను నాకు చెప్పుకున్న ఊరట ఒక్కటే. ఎలాగూ చిన్నాన్న రాయలేదు, కాబట్టి నేను చదవకుండా వదిలేసిన పేర్లలో పోయిందేమీ లేదు. ఆ ఊరట మొన్న నేల మీద నాలుగు మడతలు విప్పుకుని పడుంది.

టీ తీసుకెళ్ళి ఇచ్చాను. ఎలా రాశారు చిన్నాన్నా, ఎక్కణ్ణుంచి అని అడిగాను, ఏదో మామూలుగా అడుగుతున్నట్టు. గోందియాలో మిల్లులో ఉండగా, రాయపూర్ నుంచి వచ్చిన ఒకాయన సంఘం కరపత్రం తెచ్చాడట. దాని మీద అన్నయ్య పేరు. "ఇంటికి రాయొద్దన్నాడు గానీ సంఘానికి రాయొద్దనలేదు గదా అనుకున్నాను" అన్నాడు చిన్నాన్న. కంప్యూటర్ దుకాణం ఆయన తన చిరునామా మీంచే పంపించాడట, ఇంగ్లీషులో బాగా రాసిపెడతానని. "పన్నెండేళ్ళకి పాప పుట్టింది. మా ఇంట్లో పేరు పెట్టేది పెద్దోడే గదా. అన్నయ్య ఒక పేరు పెట్టి పంపితే చాలు, ఇంకేం అడగను అని రాయించినాను. మర్నాడే వచ్చింది జవాబు. ఆ దుకాణమాయనకి తెలుగు రాదు, నీకేదో వచ్చిందని అచ్చు తీసిచ్చినాడు. నేను దీపం పెట్టే చోట దాన్నుంచి, స్నానం చేసొచ్చి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివినాను."

ఆ పాప పేరేమిటని అడిగాను. "ఎవలూ పెట్టలేదు. పాపా పాపా అనే పిలిచినాం. బళ్ళో వేసినప్పుడు మాస్టారు సునీతని రాసుకున్నాడు. బాగానే ఉంది పేరు" అన్నాడు.

కాగితం మీద తారీఖుంది. వాపసైన ఉత్తరం శీర్షిక ఉంది: 'డియర్ బ్రదర్, అర్జెంట్ రిప్లై'. నేను అల్మారాలోంచి నాన్న పుస్తకం తీసి, నిలబడే పేజీలు తిప్పాను. ఆ తారీఖు దొరికింది. ఇరవై రెండు వరుసలు. ఆఖరి వరుసలో నాన్న చేతిరాత: 'డియర్ బ్రదర్, ఎవరో బ్యాంకు అధికారి భార్య, ఆస్తి గొడవ, సంబంధం లేదు.' అప్పట్లో డియర్ బ్రదర్ అంటూ రోజుకు పది వచ్చేవి, ఏ దేశంలోనో మొగుడు పోయాడంటూ, పెట్టెలో డబ్బుందంటూ. ఒకటి చదివితే చాలులే, మిగతా బ్రదర్‌లన్నీ ఇలాంటివేనని అక్కడితో ఆపి, పుస్తకం మూయించి, మిగతావి కొట్టేశాను. ఆ మిగతావాటిలో మొదటిదో రెండోదో చిన్నాన్నది. ఇంకొకటో రెండో విప్పి కింద పేరు దాకా చదివి ఉంటే గాల్లో ఆగిన ఆ కలం దిగేది కాదు.

అప్పుడు చెప్పాను. నిలబడి మొదలుపెట్టాను, మధ్యలో ఎప్పుడు కూర్చున్నానో తెలియదు, చివరికి చిన్నాన్న ఎదురుగా నేల మీద ఉన్నాను. లిస్టు, చెత్త, బస్సు, నా కోపం, చెరిపేసిన నాన్న మాటలు, అన్నీ చెప్పాను. 'పొరపాటైతే దయచేసి మళ్ళీ రాయండి' అని నాన్న రాయించిన వాక్యం రెండుసార్లు చెప్పాను. చిన్నాన్న మధ్యలో ఒక్కటే అడిగాడు. "అయితే నేను రాసినట్టు అన్నయ్యకి తెలీదా?" తెలియదన్నాను. ఆయన కాగితాన్ని పాత మడతల మీదే మళ్ళీ మడిచాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"కోపమొచ్చినప్పుడల్లా ఇది తీసి చదివీవోణ్ణి" అన్నాడు. "కోపం పోయినాక కూడా తీసి చూసీవోణ్ణి. తిట్టయితే ఏటి, అన్నయ్య రాసింది గదా, నా దగ్గరున్నది ఇదొక్కటే గదా అని. ఇప్పుడు ఇది కూడా ఆడిది కాదని సెప్పీసినావేటే గుంటా."

నిజం చెబితే బరువు దిగుతుందంటారు. నా బరువు దిగిందేమో, ఆయన చేతిలో ఉన్న ఒక్కటీ పోయింది. ఇరవై ఏళ్ళ కింద తొందరలో ఒకసారి, ఇప్పుడు నిజాయితీ పేరుతో ఇంకోసారి లాక్కున్నాను. క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది. అప్పుడు మంచం మీంచి అమ్మ, ఎంత విన్నదో ఏమో, "ఆ బుక్కు ఇచ్చీయే ఆడికి" అంది. నాకు వెంటనే అర్థం కాలేదు. "మీ నాన్న చేత్తో రాసిందే గదా అదంతా. ఆడి కోసమే గదా. ఇచ్చీ."

ఆ సాయంత్రం బండికి ఆయన్ని స్టేషన్లో దింపడానికి వెళ్ళాను. ఉండమంటే ఉండలేదు, సునీత ఎదురు చూస్తుందన్నాడు. ఈసారి పాపను తీసుకొస్తావా అని అమ్మ అడిగితే తలూపాడు, ఎటు ఊపాడో నాకు తెలియలేదు. ప్లాట్‌ఫారం చివర సార్టింగ్ ఆఫీసు ఉన్న వైపు చూశాను. ఇప్పుడు నా ఫోన్లో చెత్త దానంతటదే వేరే అరలోకి పోతుంది, నెల తిరిగితే దానంతటదే మాయమవుతుంది. ఎవరు రాశారో, ఎందుకు పంపేశామో ఎక్కడా ఎవరూ సంతకం పెట్టరు. ఎంత సుఖమని ఒకప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడు మాయమయ్యేలోగా ఆ అర తెరిచి పేర్లు పైకి చదువుతున్నాను, మా ఆయన వింతగా చూస్తున్నా మానలేకపోతున్నాను. అప్పట్లో నాన్న పుస్తకం కోసం చదివినప్పుడు పట్టినంతసేపు కూడా పట్టదు. అయినా చదివి ఫోను పక్కన పెట్టాక లేచి మళ్ళీ తిరుగుతాను.

బండి వచ్చింది. చిన్నాన్నకు కిటికీ పక్కన చోటు దొరికింది. కాగితం మా ఇంట్లోనే వదిలేశాడు, పుస్తకం మాత్రం గుడ్డసంచీలోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ విప్పి, వేలు గడి మీద పెట్టి, పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టాడు. "ఈ జాన్సనెవుడే? ఈడి పేరు అన్నయ్య ఇన్నిసార్లు రాసినాడేటి?" అని అడిగాడు. ఎవరూ కాదు చిన్నాన్నా అన్నాను. ఆయన సరేనని పేజీ తిప్పాడు. బండి కదిలింది. నేను కిటికీ వెంట నాలుగడుగులు నడిచాను, చెయ్యి ఊపాను. ఆయన తలెత్తలేదు. అన్నయ్య చేతిరాతలో ఉన్న లాటరీలను ఒక్కొక్కటే చదువుకుంటూ వెళ్ళిపోయాడు.